పంచాంగం చదవని బిల్డింగు

2025 ఏప్రిల్ మధ్యలో ఒక రోజు. బయట ఎండ నలభై దాటింది. హన్మకొండలో నాలుగంతస్తుల బట్టల షోరూం, రెండో ఫ్లోర్‌లో పట్టుచీరల సెక్షన్. అక్కడ పనిచేసే అమ్మాయిలు స్వెట్టర్లు వేసుకుని చీరలు మడతపెడుతున్నారు. కింద కౌంటర్ దగ్గర ఓనర్ కరెంటు బిల్లు ముందు పెట్టుకుని కూర్చున్నారు.

"లక్షలు పోసి స్మార్ట్ సిస్టం పెట్టించిన సార్. గోడకు టీవీ అంత స్క్రీన్ ఉన్నది. అండ్ల అంతా పచ్చగనే కనవడ్తది. బిల్లు సూస్తేనే కండ్లు ఎర్రగైతున్నయి" అన్నారు.

బిల్డింగుల కరెంటు లెక్కలు చూడటం నా పని. స్క్రీన్ మీద రెండో ఫ్లోర్ 28 డిగ్రీలు అని చూపిస్తోంది. నా చేతిలోని థర్మామీటర్ 20 దగ్గర ఆగింది. ఏసీలు చూసుకునే కుర్రాణ్ని "తమ్మీ, ఈ ఫ్లోర్ సెన్సర్ ఎక్కడుంది?" అని అడిగాను. అతను గోడలన్నీ ఒకసారి కలియజూసి, ఉగాది ఆఫర్ బోర్డు దగ్గరికి తీసుకెళ్లాడు. లోపల లైట్లు వెలిగే పెద్ద బోర్డు అది. కొంచెం పక్కకు లాగితే వెనక గోడకు అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన తెల్ల డబ్బా కనిపించింది. బోర్డుకీ గోడకీ మధ్య చెయ్యి పెడితే వెచ్చగా ఉంది.

"ఉగాది పోయి పదిహేను రోజులు దాటింది కదా?"

"బోర్డు మంచిగ కొడ్తున్నదని తియ్యనియ్యలే సార్."

సిస్టంకు చెప్పింది 24 డిగ్రీలు. దానికి కనిపిస్తున్నది 28. అందుకే చల్లగాలి కుమ్మరిస్తూనే ఉంది. దాని లెక్కలో అది తప్పేమీ చేయలేదు. మంచి సాఫ్ట్‌వేరే, వైరింగ్ కూడా శుభ్రంగా ఉంది. దానికి ఫ్లోర్ చూపించాల్సిన కన్ను బోర్డు వెనక ఇరుక్కుంది, అంతే.

స్మార్ట్ బిల్డింగ్, ఏఐ అనే మాటలు ఇప్పుడు హైదరాబాద్ దాటి మన దగ్గరికీ వచ్చాయి. హోటళ్లు, ఆస్పత్రులు, షోరూంలు, ఫంక్షన్ హాళ్లు, మడికొండ వైపు ఐటీ ఆఫీసులు, అన్నిటికీ ఎవరో ఒకరు బ్రోచర్ పట్టుకుని వస్తున్నారు. ఆ బ్రోచర్‌లో ఉన్నదంతా అబద్ధం కాదు, అంతా నిజమూ కాదు. ఏది ఏమిటో తెలియాలంటే ముందు లోపల ఏముంటుందో చూడాలి.

అన్నిటికంటే కింద ఉండేవి సెన్సర్లు, మీటర్లు. వేడి ఎంత, గాలిలో తేమ ఎంత, కార్బన్ డయాక్సైడ్ ఎంత, ఏ మోటరు ఎంత కరెంటు తాగుతోంది అని చెప్పేవి. వాటి పైన కంట్రోలర్లు, ప్యానెల్ బోర్డులో కూర్చునే చిన్న పెట్టెలు. మా భాషలో డీడీసీ అంటాం. ఫ్యాన్ తిప్పు, వాల్వ్ మూయి అనే ఆజ్ఞలు వీటివే. వాటన్నిటినీ ఒక తెర మీద చూపించేది బీఎంఎస్, అంటే బిల్డింగ్ మేనేజ్‌మెంట్ సిస్టం. ఇంతవరకు కొత్తేమీ లేదు, దశాబ్దాల పాతదే. ఈ పెట్టెలు, మీటర్లు తమలో తాము మాట్లాడుకునే మోడ్‌బస్ అనే భాష 1979లో పుట్టింది. ఇవాళ హన్మకొండలో కొత్తగా బిగించే ఎనర్జీ మీటర్ కూడా ఎక్కువగా ఆ భాషే మాట్లాడుతుంది. బ్యాక్‌నెట్ అనే ఇంకో భాష 1995లో ప్రమాణంగా వచ్చింది. డిజిటల్ మార్పు అంటే ముప్పావు వంతు ఇదే: కాగితం రిజిస్టర్‌లో గంటకోసారి రాసే అంకెను నిమిషానికోసారి తనంతట తానే రాసుకునేలా చేయడం. ఏఐ దీని పైన వచ్చే పొర. కింద అబద్ధం మొదలైతే పైదాకా అబద్ధమే నడుస్తుంది.

ఈ కథ మొదలైంది కూడా ఒక చిన్న చిరాకుతోనే. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో వారెన్ జాన్సన్ అనే పంతులు పాఠం చెబుతుంటే, గది ఎంత వేడిగా ఉందో చూడటానికి మాటిమాటికీ బాయిలర్ మనిషి లోపలికి వచ్చేవాడట. ఆ రాకపోకలు తప్పించడానికి ఆయన గది వేడిని కింది అంతస్తులోని మనిషికి గంట కొట్టి చెప్పే ఏర్పాటు చేసి 1883లో పేటెంట్ తీసుకున్నాడు. గమనించండి, యంత్రం కబురు చెప్పింది, పని చేసింది మాత్రం కిందనున్న మనిషే. ఇన్నేళ్ల తర్వాత కూడా మన ఊళ్లో చాలా బిల్డింగుల్లో అదే పద్ధతి నడుస్తోంది, గంట బదులు వాట్సాప్ మెసేజ్ వస్తోంది.

ఏఐ కంటే ముందు బిల్లు సంగతి చూడాలి, ఎందుకంటే డబ్బు అక్కడుంది. పెద్ద షోరూమో హోటలో అయితే 11 కేవీ లైన్ మీద హెచ్‌టీ, అంటే హై టెన్షన్ కనెక్షన్ ఉంటుంది. అందులో యూనిట్ల చార్జీ ఒకటి, డిమాండ్ చార్జీ ఇంకొకటి. నెల మొత్తంలో ఏదో ఒక అరగంటలో, లేదా కనెక్షన్ పెద్దదైతే పావుగంటలో, సగటున మీరు లాగిన అత్యధిక లోడ్ ఎన్ని కేవీఏలో (లోడ్ కొలత) మీటర్ గుర్తుపెట్టుకుంటుంది. ఆ ఒక్క అరగంటకు నెలంతా కట్టాలి. తక్కువ వాడినా తప్పదు, ఒప్పందం చేసుకున్న డిమాండ్‌లో 80 శాతానికి బిల్లు వేస్తారు. 200 కేవీఏ రాయించుకుంటే షాపు మూసి ఉన్నా 160కి కట్టాల్సిందే. ఇది తెలియక అవసరానికి మించి రాయించుకున్న ఓనర్లను చాలామందిని చూశాను. వాళ్లకు ఏఐ అక్కర్లేదు, కరెంటు ఆఫీసుకు ఒక దరఖాస్తు చాలు.

ఆ అరగంట ఎప్పుడు వస్తుంది? మన ఊళ్లలో బావుల కాడ ఆటో స్టార్టర్లు గుర్తున్నాయా? కరెంటు రాగానే అందరి మోటర్లూ ఒక్కసారే లేచేవి, ట్రాన్స్‌ఫార్మర్ మూలిగేది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు వాటిని తీసేయమని ఊరూరా చెప్పారు. షోరూంలోనూ జరిగేది అదే. మధ్యాహ్నం కరెంటు పోతుంది, జనరేటర్ మీద లైట్లు మాత్రమే నడుస్తాయి, బిల్డింగు వేడెక్కుతుంది. కరెంటు రాగానే ఏసీలన్నీ ఫుల్ లోడ్ మీద లేస్తాయి. లేచే క్షణంలో ఒక్కసారిగా లాగే కరెంటు మీటర్ సగటులో కలిసిపోతుంది, దానితో పెద్ద బాధ లేదు. ఆ తర్వాత వేడెక్కిన బిల్డింగును చల్లబరచడానికి అన్ని కంప్రెసర్లూ కలిసి నడిచే అరగంట ఉంది చూశారూ, అదే నెల బిల్లును రాసేస్తుంది. దీనికి మందు చాలా చవక: ఒక ఫ్లోర్ తర్వాత ఒక ఫ్లోర్ ఆన్ అయ్యేలా కంట్రోలర్‌లో నాలుగు లైన్లు రాయడం. దీన్ని కూడా ఏఐ అని అమ్ముతున్నారు. టైమర్‌ను టైమర్ అనడానికి అంత నామోషీ ఎందుకో నాకు అర్థం కాదు.

ఇంకో చవక మందు ఫ్యాన్ల వేగం. గాలి తోసే ఫ్యాన్ వేగాన్ని వీఎఫ్‌డీతో, అంటే మోటరు వేగం మార్చే పెట్టెతో, 50 హెర్ట్జ్ నుంచి 40కి తగ్గిస్తే గాలి ఐదో వంతు తగ్గుతుంది. కరెంటు ఐదో వంతు కాదు, దాదాపు సగం తగ్గుతుంది. ఫ్యాన్ తీసుకునే పవర్ వేగానికి ఘనంగా మారుతుంది కాబట్టి 0.8ని మూడుసార్లు గుణిస్తే 0.512. ఫంక్షన్ హాల్‌లో వెయ్యి మంది ఉన్నప్పుడూ, సామాన్లు సర్దే పదిమంది ఉన్నప్పుడూ ఫ్యాన్ ఒకే వేగంతో తిరుగుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మరి ఏఐ చేసే అసలు పని ఏమిటి? ముందుగా అది అలవాటు నేర్చుకుంటుంది. బయట ఎండ ఎంత, టైం ఎంత, ఏ వారం, లోపల ఎంతమంది ఉన్నారు, అప్పుడు ఎన్ని యూనిట్లు కాలాయి, ఈ అయిదింటినీ కొన్ని నెలల పాటు చూస్తుంది. ఆ తర్వాత "41 డిగ్రీల ఎండలో శనివారం మధ్యాహ్నం మూడింటికి ఈ బిల్డింగు గంటకు సుమారు 60 యూనిట్లు తాగాలి" అని తనే ఒక అంచనా వేసుకుంటుంది. మీటర్ 78 చూపిస్తే ఎక్కడో ఏదో తేడా ఉందని పట్టుకుంటుంది. బట్టల షాపుల్లో ఆ తేడా చాలాసార్లు ఫిల్టర్లలోనే దొరుకుతుంది. కొత్త బట్టల నూగు గాలిలో లేచి ఫిల్టర్ మీద మెత్తని పొరలా పేరుకుంటుంది, గాలి ఆడదు, కంప్రెసర్ ఆయాసపడుతుంది. బోర్‌నీళ్లు వాడే కూలింగ్ టవర్లున్న చోట ట్యూబుల్లో సున్నం పేరుకుంటుంది. ఇవి ఒక్క రోజులో పుట్టే రోగాలు కావు. రోజుకింత, రోజుకింత పెరుగుతాయి కాబట్టి మనిషి కంటికి ఆనవు. అంకెలు మర్చిపోని యంత్రం మాత్రం పట్టేస్తుంది. నన్నడిగితే కమర్షియల్ బిల్డింగుల్లో ఏఐకి నిజంగా పెట్టుబడి పెట్టదగిన పని ఇదే.

రెండో పని ముందుచూపు: సాయంత్రం ఎంత లోడ్ వస్తుందో మధ్యాహ్నమే లెక్కగట్టి, దాన్నిబట్టి ఏసీలను నడపడం. ఇక్కడ అందరూ గూగుల్ పేరు ఎత్తుతారు. తమ డీప్‌మైండ్ ఏఐతో, కంప్యూటర్లు నిండిన తమ డేటా సెంటర్లలో కూలింగ్‌కు వాడే కరెంటు 40 శాతం తగ్గిందని 2016లో ఆ కంపెనీ చెప్పిన మాట నిజమే. కానీ డేటా సెంటర్‌కు గిరాకీ రాదు, పోదు. తలుపు తీసి పట్టుకుని "ఆటో పట్టుకొస్తా, ఉండు" అనేవాళ్లు ఉండరు. వేలకొద్దీ సెన్సర్లు, వాటిని సరిచూసే ఇంజినీర్లు ఉంటారు. ఫ్లోర్‌కు ఒక్క సెన్సర్, అదీ బోర్డు వెనక పెట్టుకున్న మనం ఆ 40 శాతం మన బిల్లులో వెతకడం అత్యాశ.

షోరూం సంగతికి వస్తాను. బోర్డు తీయించాం, సెన్సర్‌ను మనిషి ఛాతీ ఎత్తులో లోపలి స్తంభానికి మార్చాం. సిస్టం దగ్గర 2024 డేటా ఏడాదంతా ఉంది. ఇక ముందుచూపు మోడ్ ఆన్ చేద్దామన్నారు కంపెనీవాళ్లు. సరే అన్నాను. మే నెల వచ్చింది. పట్టుచీరల ఫ్లోర్‌లో పెళ్లివాళ్లు కుటుంబాలు కుటుంబాలుగా కూర్చున్నారు. ఏఐ మాత్రం ఆ ఫ్లోర్‌ను ఖాళీ లెక్కలో వేసి, ముందుగా చల్లబరచకుండా వదిలేసింది. జనం నిండాక మేల్కొని అన్నీ ఒక్కసారి లేపింది. అంటే మళ్లీ ఆటో స్టార్టర్ కథే.

ఎందుకలా చేసిందో తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఏసీ కుర్రాడికి ఒక్క నిమిషం పట్టింది. "పోయినేడు మే, జూన్ల మూఢం ఉండె గద సార్. లగ్గాలే లెవ్వు."

2024 వేసవిలో శుక్ర మూఢం వచ్చింది. మే, జూన్ నెలల్లో ముహూర్తాలు లేవు, పట్టుచీరల ఫ్లోర్ వెలవెలబోయింది. యంత్రం చూసిన మే నెల అదొక్కటే. మే అంటే ఖాళీ అని నేర్చుకుంది. దానికి జనవరి, ఫిబ్రవరి తెలుసు, శనివారం, ఆదివారం తెలుసు. మన జనం షాపుకు వచ్చేది ఆ క్యాలెండర్ ప్రకారం కాదు. శ్రావణం 2024లో ఆగస్టు 5న మొదలైతే 2025లో జూలై 25నే వచ్చేసింది. 2023లో అధిక శ్రావణం పడి అసలు శ్రావణం ఆగస్టు 17దాకా రాలేదు. ఎంగిలిపూల బతుకమ్మ 2023లో అక్టోబర్ 14, 2024లో అక్టోబర్ 2, 2025లో సెప్టెంబర్ 21. మూడేళ్లలో మూడు వారాలు జరిగింది. హన్మకొండ లాడ్జిలకైతే ఇంకో తిరకాసు ఉంది. మేడారం జాతర రెండేళ్లకోసారి. 2024 ఫిబ్రవరిలో జరిగింది, మళ్లీ 2026 జనవరి చివర్లో. 2025 డేటా మాత్రమే చూసిన ఏఐకి జాతర అనేదే ఉండదు. 2024 మాత్రమే చూసినదైతే ప్రతి ఫిబ్రవరికీ రూములన్నీ నిండుతాయని బిల్డింగును సిద్ధం చేసి కూర్చుంటుంది.

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని మోడల్ తయారుచేసిన పిల్లల తప్పు కాదిది. ఆఫీసు బిల్డింగులకు వారం, సెలవులు తెలిస్తే సరిపోతుంది. ఉత్తర తెలంగాణలో షోరూముకు, లాడ్జికి, ఫంక్షన్ హాలుకు తిథి కావాలి. కష్టమేమీ కాదు, డేటాలో నాలుగు కాలమ్‌లు పెంచాలి: తెలుగు నెల, అధికమా నిజమా, మూఢమా కాదా, ముహూర్తం ఉందా. ఆ పని మేం ఎక్సెల్ షీట్‌లోనే చేసి ఎక్కించాం. గోడ క్యాలెండర్ ముందు పెట్టుకుని ఏసీ కుర్రాడు చదువుతుంటే నేను కొట్టాను.

ముందుచూపు నిజంగా కుదిరితే లాభం ఎక్కడుంటుందో కూడా చెప్పాలి. వేయిస్తంభాల గుడిలో ఎండాకాలం పొద్దున్నే స్తంభానికి చెయ్యి ఆనిస్తే రాత్రి చలువ ఇంకా అందులో ఉంటుంది. బరువైన వస్తువు చలువను దాచుకుంటుంది. హెచ్‌టీ బిల్లులో ఉదయం 6 నుంచి 10, సాయంత్రం 6 నుంచి 10 మధ్య వాడే యూనిట్‌కు అదనంగా కట్టాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు తగ్గింపు ఉంటుంది. కాబట్టి సాయంత్రం గిరాకీకి ముందే, నాలుగైదు గంటలప్పుడు, బిల్డింగును ఒక డిగ్రీ ఎక్కువ చల్లబరచి ఉంచితే ఆ తర్వాత కాస్త ఊపిరి తీసుకోవచ్చు. అయితే పడమటి వైపు నిండా అద్దాలు, అల్యూమినియం షీట్లు కొట్టించిన బిల్డింగు ఏమీ దాచుకోదు. చల్లబరచిందంతా అరగంటలో జారిపోతుంది. ముందు ఆ అద్దానికి నీడ కల్పించాలి, ఏఐ సంగతి తర్వాత.

ఈ ఎత్తు బాగా పారే చోటు వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలు. గోడలకు మందపాటి ఇన్సులేషన్, లోపల వేల బస్తాలు. ఆ బస్తాలే చలువ దాచుకునే బ్యాటరీ. రాత్రి తక్కువ రేటులో కాస్త ఎక్కువ చల్లబరచి, సాయంత్రం పీక్‌లో కంప్రెసర్లను మందగింపజేస్తే మిర్చి రంగుకు ఏమీ కాదు, తేమ మీద కన్నేసి ఉంచితే చాలు. జనం రాకపోకలు తక్కువ, తలుపు తీసేది తక్కువ, లెక్క తేట. చిత్రమేమంటే ఏఐ బ్రోచర్ పట్టుకుని షోరూంలకు వెళ్లినంత మంది అటు వెళ్లరు. గోడకు పెద్ద స్క్రీన్ పెట్టి చూపించడానికి అక్కడ చూసేవాళ్లు లేరు మరి.

కొనేముందు ఒక మాట అడిగి తీరాలి: పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుంది? ఒక బిల్డింగులో కంట్రోలర్ సెట్టింగ్ మార్చడానికి మేం ఇరవై రోజులు ఆగాం. ప్రోగ్రాం రాసిన ఇంజినీర్ ఉద్యోగం మానేశాడు, కంపెనీలో ఇంకెవరి దగ్గరా పాస్‌వర్డ్ లేదు. డేటా బయటికి తీసుకునే దారి, బ్యాక్‌నెట్ లేదా మోడ్‌బస్ లాంటి అందరికీ తెలిసిన భాష, ప్రోగ్రాం కాపీ ఓనర్ చేతికి ఇవ్వడం, ఈ మూడూ అగ్రిమెంట్‌లో రాయించుకోకపోతే బిల్డింగు మీది, తాళం చెవి వాళ్లది.

తాళం మరీ వదులుగా ఉన్నా ప్రమాదమే. 2013లో అమెరికాలో టార్గెట్ అనే దుకాణాల సంస్థ నుంచి సుమారు 4 కోట్ల కార్డుల వివరాలు దొంగలపాలయ్యాయి. వాళ్లు లోపలికి దూరింది ఏసీ, ఫ్రిజ్ పనులు చేసే కాంట్రాక్టర్ లాగిన్ దొంగిలించి. ఏసీ కంట్రోలర్‌నూ బిల్లింగ్ కంప్యూటర్లనూ ఒకే వైఫై మీద పెట్టే మన అలవాటు చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. కెమెరాల విషయంలోనూ ఇంతే. ఏసీకి కావాల్సింది ఎంతమంది ఉన్నారన్న లెక్క మాత్రమే. తలుపు దగ్గర లెక్కపెట్టే చిన్న సెన్సరో, కార్బన్ డయాక్సైడ్ మీటరో ఆ పని చేస్తుంది. బయటి గాలిలో 420 పీపీఎం (పది లక్షల్లో 420 వంతులు) చుట్టూ ఉండేది లోపల వెయ్యి దాటితే జనం ఎక్కువయ్యారు, తాజా గాలి చాలడం లేదు అని అర్థం. దానికోసం ముఖాలు గుర్తుపట్టే కెమెరా అమ్మజూస్తే వద్దనండి. 2023లో చేసిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పూర్తిగా అమలైతే ఆ ముఖాలకు మీరే జవాబుదారీ.

ఇక మా షోరూం. పంచాంగం ఎక్కించాక శ్రావణం బాగానే గడిచింది. జూలై ఆఖరి వారంలో గిరాకీని ముందే పసిగట్టింది, ఓనర్ సంతోషపడ్డారు. సెప్టెంబర్ 21 వచ్చింది. ఎంగిలిపూల బతుకమ్మ, పైగా ఆదివారం. రెండూ కలిసేసరికి ఏఐ సాయంత్రానికి భారీ లోడ్ అంచనా వేసి, నాలుగింటికే నాలుగు ఫ్లోర్లనూ చల్లగా చేసి పెట్టింది. అయిదు దాటాక చూస్తే షాపులో సేల్స్‌వాళ్లు తప్ప మనుషులు లేరు.

"ఎట్లొస్తరు సార్, ఆడోళ్లంత గుడికాడ బతుకమ్మ ఆడవట్టిరి. కొనుడు ముందటి రోజుకే ఒడిసింది" అన్నాడు ఏసీ కుర్రాడు.

ఓనర్ ఒప్పుకోలేదు. "అది కాదు. తెల్లారితే జీఎస్టీ తగ్గుతదని టీవీల చెప్పిండ్రు. రెడీమేడ్ కొనేటోళ్లు ఆగిండ్రు."

మర్నాటి నుంచి వెయ్యి దాటి రెండున్నర వేల దాకా ఉన్న రెడీమేడ్‌ల మీద పన్ను 5 శాతానికి దిగిన మాట నిజమే. పండగ సాయంత్రం ఆడవాళ్లు పూలతో బయటే ఉంటారన్నదీ నిజమే. ఒక్క రోజు డేటాతో ఇందులో ఏది ఎంతో విడదీయడం ఏఐ వల్లా కాదు, నా వల్లా కాదు. కుర్రాడు గోడ క్యాలెండర్‌లో ఆ గడిలో పెన్సిల్‌తో "సాయంత్రం ఖాళీ, ఆట" అని రాశాడు. ఓనర్ అదే పెన్సిల్ తీసుకుని పక్కనే "జీఎస్టీ" అని రాసి, దాని కింద రెండు గీతలు కొట్టారు.